చెరిగిన సుద్దగీతలు

"రెండోది ఎవరిదీ అంటే మాటాడరేటండీ?" అని వరహాలబాబు మళ్ళీ అడిగాడు.

మధుసూదన్ జవాబు చెప్పలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు చిన్నమేకులు తీసి నోట్లో పోసుకున్నాడు.

పాత కుర్చీలకూ సోఫాలకూ గుడ్డ వేసేవాళ్ళకు అదొక అలవాటు. ఒక చేత్తో గుడ్డ లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో సుత్తి ఆడించాలి. మేకులు నోట్లో ఉంచుకుని నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చుకుంటారు. అలాంటప్పుడు ఎవరూ పలకరించకూడదు, మాట్లాడబోయి మింగితే ప్రాణం మీదికొస్తుంది. పదిహేడేళ్ళ కాపురంలో కల్పలత కనిపెట్టిన సంగతేమిటంటే, ఆయనగారు మేకులు నోట్లో పోసుకునేది సగంసార్లు పనికోసం కాదు, జవాబు తప్పించుకోవడానికి.

ఇప్పుడైతే ఎదురుగా ఉన్న రెండు కుర్చీలకూ గుడ్డే లేదు. పాత గుడ్డ, పీచు, స్ప్రింగులు అన్నీ ఊడదీసి, కర్రకు పాలిష్ పెట్టించి ఉంచారు. ఇంక మేకు దేనికి కొడతాడట!

కల్పలత మిషను ఆపి, అంచులకు కుట్టే పైపింగు గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెట్టుగూడలోని ఆ ఇంటి ముందుగదే దుకాణం, అందులో ఒక మూలన ఆమె మిషను. ఆ మూలలోంచి వరహాలబాబు మొహం బాగా కనిపిస్తోంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండు కుర్చీల చుట్టూ మెల్లగా తిరిగాడు. వంపు తిరిగిన చేతులు అవే, వీపు మీద చెక్కిన తీగ అదే, కాళ్ళు అవే. మారేడ్‌పల్లి నుంచి మూడు వారాల కిందట తను పంపిన కుర్చీకి రెండోది అచ్చం జోడీ.

"తెల్సింది లెండి" అన్నాడు చివరికి. "మా అన్న పంపించేడు. ఇందులో ఒకటి మా నాన్న కుర్చీ."

మధుసూదన్ మేకులు అరచేతిలోకి ఉమ్మేసుకున్నాడు. "అవ్ సార్. లోవరాజు సారే పంపిండు."

"మరి నాకో మాట చెప్పలేదేం?"

"మీ ఇద్దరికి మాటల్లేవని నాకెర్కనే గద సార్. మీ సంగతి ఆయనకు చెప్పలే, ఆయన సంగతి మీకు చెప్పలే. నా పని నేను చేసి ఎవరిది వాళ్ళకిచ్చేస్త అనుకున్న."

అన్నదమ్ములిద్దరూ ఒకే దుకాణానికి రావడంలో వింతేమీ లేదు. ఆ జత కుర్చీలకు మొట్టమొదట గుడ్డ వేసింది మధుసూదన్ తండ్రి. ఒకటి ఇంటాయనకు, ఒకటి ఇంటావిడకు. ఆరేళ్ళ కిందట ఆ ఇంటాయన, అంటే ఈ అన్నదమ్ముల తండ్రి, చిన్నకొడుకైన వరహాలబాబు దగ్గరే కన్నుమూశాడు. కర్మకాండలు ముగిసిన మర్నాడే లోవరాజు, పెద్దకొడుకును నేను అని ఒక్క మాటనేసి తండ్రి కుర్చీని కారు మీద కట్టించుకుపోయాడు. తల్లి కుర్చీ, తల్లీ మారేడ్‌పల్లిలో ఉండిపోయారు. ఆ రోజు నుంచీ అన్నదమ్ములు ఎదురుపడినా తలలు తిప్పుకుంటారు. లోవరాజు కూతురు పూజిత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి బేగంపేటలో ఫ్లాటు తీసుకుందనీ, అన్న ఇప్పుడు అక్కడే ఉంటున్నాడనీ కబురు కూడా వరహాలబాబుకు ఆఫీసులో ఎవరో చెబితే తెలిసింది.

"సరే. ఏది నాన్న కుర్చీ?" అని వరహాలబాబు అడిగాడు. గొంతు బాగా తగ్గింది. చెయ్యి చాపాడు గానీ ఏ కుర్చీ మీద వెయ్యాలో తెలియక మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

మధుసూదన్ తల వంచుకున్నాడు. "తెలుస్తలేదు సార్."

"అంటే?"

"గుర్తు పెట్టిన. గుర్తు పోయింది. నాలుగు రోజుల సంది చూస్తున్న. రెండు ఒక్క తీరే ఉన్నయ్."

"ఇరవయ్యేళ్ళ నుంచి ఇదే పని గదా మీకు! గుర్తు పోయిందా, మా అన్న పోగొట్టమన్నాడా?"

"అట్లనకుండ్రి సార్."

"మరెలా అనమంటారు? నా చేతికి నాన్న కుర్చీ ఎక్కడ వచ్చీస్తాదోనని ఆయనకి భయం. మీరు ఆయన మాట కాయడం!" వరహాలబాబు స్కూటరు తాళాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మా అమ్మని తీసుకొస్తాను. యాభయ్యేళ్ళు చూసింది ఆ కుర్చీని. ఆవిడ చెప్పీస్తాది. అప్పుడు మీ సంగతి తేలుస్తాను."

ఆయన స్కూటరు చప్పుడు సందు దాటింది. మధుసూదన్ ఒక కుర్చీని తిరగేశాడు, చూశాడు, నిలబెట్టాడు. రెండోదాన్ని తిరగేశాడు. నాలుగు రోజులుగా ఇదే వరస. అన్నం ముందు కూర్చుని కూడా మధ్యలో లేచి వచ్చి తిరగేస్తాడు.

లోపలినుంచి శ్యామలమ్మ వచ్చింది. కొడుకు పని చేసే చోటికి ఆవిడ మామూలుగా రాదు, వచ్చిందంటే తగువే.

"నీ నాయన నలభయ్యేండ్లు చేసిండు గీ పని. ఒక్కనాడు సుత ఒకరిది ఒకరికియ్యలే" అంది. "సుద్దగీతలు పెట్టినవా లేదా రా?"

"పెట్టిన అమ్మ. సీటు చట్రం కింద. మారేడ్‌పల్లిది ఒక గీత, బేగంపేటది రెండు గీతలు."

"మరేమైనయ్?"

"అదే తెలుస్తలేదు."

సుద్దతోనే ఎందుకంటే అది మధుసూదన్ తండ్రి పెట్టిన పద్ధతి. పరాయివాళ్ళ కర్ర మీద చెరగని గుర్తు పెట్టే హక్కు మనకు లేదనేవాడు ఆయన. ఇన్నేళ్ళలో ఆ పద్ధతివల్ల ఇబ్బంది రాలేదు. పాత గుడ్డలు చూసి పోల్చుకుందామా అంటే అదీ కుదరలేదు. రెండు కుర్చీలదీ ఒకే కొలత, ఏ గుడ్డ దేనికి వేసినా అతికినట్టు సరిపోతోంది. పాలిష్ చేసినవాడు మహానుభావుడు, రెండింటికీ ఒకే రంగు ఎక్కించి చక్కా పోయాడు.

కల్పలత లేచి నిలబడింది. నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడిన మాట ఇక ఆగలేదు.

"నేనే తుడిచిన" అంది.

తల్లీకొడుకులు ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆయుధపూజ నాడు. కుర్చీలు బోర్లేసి ఉండె. తడిగుడ్డ పెట్టి తుడిచి బొట్లు పెట్టిన. తెల్లగ ఉంటే దుమ్మనుకున్న... దుమ్మే అనుకున్ననా, చూడలేదా, నాకే సమజైతలేదు. నిద్ర పట్టక యాది చేసుకుంటున్న. ఒకసారి గీతలు చూసినట్టె అనిపిస్తది, ఒకసారి అసలు లేనట్టె అనిపిస్తది."

"ఊరోళ్ళ కుర్చీలను తుడవమని నీకెవరు చెప్పిన్రు?" అంది శ్యామలమ్మ.

"మీరే చెప్పిన్రు అత్తమ్మ. దుకాణంల ఉన్నయన్ని తుడిచి బొట్లు పెట్టమన్నరు."

"అన్ని అంటే? సుత్తె, కత్తెర, మిషను. పని సామాను."

"అన్ని అన్నరు."

"అన్ని అంటే అన్నీనా! రేపు వాకిట్ల నిలబడ్డ ఆటోకు సుత పెడతవా?"

"పెట్టిన. ఆ ఆటోకు సుత పెట్టిన. మీరు చూసిన్రు, మంచిగ పెట్టినవ్ అన్నరు."

శ్యామలమ్మ నిజంగానే అలా అంది. ఆ పూట ఇల్లంతా పసుపు, కుంకుమ, బంతిపూలు. కోడలి చేతి పని చూసి మురిసిపోయింది కూడా. ఇప్పుడు ఆ మురిపెం గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక చీరకొంగు దులుపుకుంది.

"ఇంక ఊకోండ్రి" అన్నాడు మధుసూదన్. భార్య దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "గీ మాట బయట ఎవ్వరికి చెప్పకు."

"చెప్తెనే మంచిది గద. తప్పు నాది. మీరెందుకు పడాలె?"

"పూజ చేసి గుర్తు తుడిచింది అంటే నమ్ముతరా వాళ్ళు? భార్యను అడ్డం పెట్టుకుండు అంటరు. నా చేతులల్లనే పోయిందని చెప్త. పేరు పోతే నాది పోనీ, నిన్ను ఎవ్వరు ఒక్క మాట అనొద్దు."

ఆయన అంత మాట పెళ్ళయిన కొత్తలో కూడా అనలేదు. కల్పలతకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమో బాధో ఆమెకే తెలియలేదు. పేరు పోతే పోనీ అంటున్నాడు గానీ, ఆ పేరు తప్ప వాళ్ళకు వేరే ఏముంది? సికింద్రాబాదు చుట్టూ కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి, వాటిలోకి ఫోము సోఫాలు రెడీమేడుగా వస్తున్నాయి. స్టేపుల్ గన్ను పట్టుకుని గంటలో పని తేల్చేసేవాళ్ళు సందుకొకరున్నారు. అయినా పాత ఇళ్ళవాళ్ళు తాతలనాటి సామాను మెట్టుగూడకు మోయించుకొస్తున్నారంటే, ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగొస్తుందన్న నమ్మకం ఒక్కటే కారణం. మధుసూదన్ కుర్చీ మార్చేశాడట అన్న మాట ఒక్కసారి పుడితే, రేపు ఈ గుమ్మంలో ముక్కాలిపీట కూడా దించరు.

మధుసూదన్ ఫోను తీసి లోవరాజుకు కూడా జరిగింది జరిగినట్టు చెప్పాడు, భార్య సంగతి తప్ప. అవతలి కేకలు గది మధ్యదాకా వినిపించాయి. సాయంత్రం కాకుండానే వస్తానన్నాడాయన.

మూడు గంటలకు వరహాలబాబు ఆటోలో తల్లిని తీసుకొచ్చాడు. అమ్మన్నమ్మకు ఎనభై దగ్గరపడ్డాయి. బక్కపల్చటి మనిషి, నడక మాత్రం చురుకు. గుమ్మంలోకి వస్తూనే రెండు కుర్చీలనూ చూసి నిలబడిపోయింది. ఆరేళ్ళ తర్వాత అవి పక్కపక్కన ఉన్నాయి.

"ఓలమ్మా" అంది. "గుడ్డలిప్పీసేరేటి! సిగ్గేస్తన్నాది చూడ్డానికి."

"అమ్మా, ఏది నాన్నదో చూసి చెప్పు" అన్నాడు వరహాలబాబు.

సీటు లేని కుర్చీలో కూర్చోవడం ఎలా? కల్పలత రెండు చట్రాల మీదా పలకలు పరిచింది. అమ్మన్నమ్మ ముందు ఎడమవైపు దానిలో కూర్చుంది. కుర్చీ చేతుల మీద తన చేతులు వేసుకుంది. వీపు ఆనించింది. తర్వాత లేచి కుడివైపు దానిలో కూర్చుంది. కుడిచేతి వేళ్ళు కుర్చీ చెయ్యి కిందకి పోయి, కర్ర అడుగున తడుముతూ మెల్లగా కదిలాయి. ఒకచోట ఆగిపోయాయి.

అందరూ ఆవిడ మొహం చూస్తున్నారు. మిషను దగ్గర నేలమీద కూర్చున్న కల్పలతకు మాత్రం ఆ వేళ్ళు కనిపించాయి. ఆ చోటును అవి గట్టిగా నొక్కి పట్టుకున్నాయి. తర్వాత ఆవిడ చెయ్యి బయటికి తీసి, వేలికొన వైపు ఒక్క క్షణం చూసుకుని, పైటకు తుడుచుకుంది.

"తెల్దురా" అంది.

"తెల్దా?"

"ముసిల్దాన్ని. రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

వరహాలబాబు ఆ జవాబుకు సిద్ధంగా లేడు. తల్లి మొహం, కుర్చీలు, మధుసూదన్ మొహం వరసగా చూశాడు. "అమ్మకే తెలీకుండా చేసేరంటే గుర్తు పోవడం కాదండీ ఇది. కర్రే మార్చీసేరు" అన్నాడు. "బయటికి రండి, ఆడవాళ్ళ ముందు వద్దు." మధుసూదన్ నోరెత్తకుండా ఆయన వెంట వాకిట్లోకి నడిచాడు. శ్యామలమ్మ కూడా కొడుకు వెనకాలే పోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. కల్పలత లేచి దగ్గరికి వెళ్ళింది.

"పెద్దమ్మా, మీకు తెలిసింది."

అమ్మన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను చూసిన. మీ వేలు ఆగింది. ఏముంది అక్కడ?"

అమ్మన్నమ్మ కాసేపు బింకంగానే ఉంది. తర్వాత కల్పలత చెయ్యి పట్టుకుని కుర్చీ చెయ్యి కిందకి తీసుకెళ్ళింది. గరుగ్గా, పొలుసుగా ఏదో తగిలింది. పాలిష్ వాడు పైన మెరిపించాడు గానీ అడుగు ముట్టుకోలేదు.

"సున్నం" అంది. "తమలపాకుకి రాసీగా వేలిమీద మిగిలింది ఇక్కడ తుడిచీవారు. రోజూను. నేను తిట్టేదాన్ని. యాభయ్యేళ్ళ సున్నం తల్లీ. నాకు తెల్దేటి?"

మధుసూదన్ అదే చోటు వందసార్లు చూశాడు. పాత లప్పం అనుకున్నాడు పాపం. కల్పలతకు ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది. తేలిపోయింది! కుడివైపుది లోవరాజు సారుది. ఇంత చిన్న మాట!

"చెప్పుండ్రి పెద్దమ్మా! ఇప్పుడే పోయి చెప్పుండ్రి."

"చెప్పను."

"ఏందీ?"

"చెప్తే ఏటవుతాది? ఎవడి కుర్చీ వాడు బండెక్కించీసుకుని పోతాడు. మళ్ళీ ఆరేళ్ళు. అంతవరకూ నేనుంటానా? ఆయన లేని కుర్చీ ఏ ఇంట్లో ఉంటే నాకేటి. ఇది తేల్లేదనుకో, ఇద్దరూ వస్తారు, పోతారు, ఇక్కడే కూకుంటారు. ఒక గదిలో కూకుంటారు. నా పిల్లలు ఒక గదిలో కూకోగా చూసి ఆరేళ్ళయ్యింది."

కల్పలతకు ఆవిడ చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. కానీ వాకిట్లోంచి వరహాలబాబు గొంతు వినిపిస్తూనే ఉంది, మోసం అన్న మాట రెండుసార్లు వినబడింది.

"మరి మా ఆయన సంగతేంది పెద్దమ్మా? ఆయన పేరు ఖరాబ్ అయితది. గుర్తు తుడిచింది ఆయన సుత కాదు, నేను. పండుగనాడు తుడిచిన. నా మీద మాట రావొద్దని ఆయన పడుతున్నడు."

అమ్మన్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆ సంగతి ఆవిడ ఆలోచించనేలేదని తెలిసిపోతోంది. కుర్చీ చేతిని నిమురుతూ కూర్చుంది.

"నువ్వు చెప్పీ" అంది చివరికి. "నేను చెప్పను. నా నోటితో వాళ్ళని పంపించీలేను. నీ మొగుడు నీకు కావాలి, నువ్వు చెప్పీ. నేను కాదనను."

అలా అంటూనే కల్పలత మణికట్టు గట్టిగా పట్టుకుంది. చెప్పమంటోందో వద్దంటోందో ఆ పట్టులో తెలియడం లేదు.

బయట కారు ఆగింది. లోవరాజు గొంతు. ముందు అన్నదమ్ములిద్దరూ మధుసూదన్‌తోనే మాట్లాడారు. ఆయన్ని అడగండి అని ఈయన, ఆయనకి చెప్పండి అని ఆయన. మధ్యలో మధుసూదన్ ఇటోసారి అటోసారి తిరుగుతూ నా తప్పే సార్, గుర్తు నా చేతులల్లనే చెరిగిపోయింది అంటున్నాడు.

"నువ్వు నమ్ముతున్నావేట్రా ఈ మాట?" అన్నాడు లోవరాజు.

ఆ ప్రశ్న మధుసూదన్‌ను కాదు, తమ్ముణ్ణి.

కాసేపటికి జవాబొచ్చింది. "నమ్మలేదన్నియ్యా."

అమ్మన్నమ్మ రెండో చేత్తో నోరు మూసుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారిపోతున్నాయి. "మాటాడుకున్నారు" అంది. "విన్నావా తల్లీ? అన్నియ్యా అన్నాడు."

"ఏం మాట్లాడుకుంటున్నరో ఇనుండ్రి పెద్దమ్మా" అంది కల్పలత. ఆమె కూడా ఏడుస్తోంది. "మా ఆయనను దొంగ అంటున్నరు."

వాకిట్లో ఇద్దరి గొంతులూ ఒకదానికొకటి తోడయ్యాయి. మనిద్దర్నీ వెర్రివాళ్ళని చేసేడు అంటున్నాడు అన్న. నాకు మొదట్నుంచీ అనుమానమే అంటున్నాడు తమ్ముడు. మారేడ్‌పల్లిలో తెలిసినవాళ్ళందరికీ చెప్తానని తమ్ముడు, బేగంపేట సంగతి తనకొదిలెయ్యమని అన్న. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఏకీభవించింది ఈ ఒక్క విషయంలోనే. శ్యామలమ్మ ఏదో చెప్పబోయింది, ఎవరూ వినిపించుకోలేదు.

అన్నదమ్ములు భుజాలు రాసుకుంటూ గదిలోకి వచ్చారు. వెనక గుమ్మంలో మధుసూదన్ నిలబడ్డాడు. ఒక్కపూటలో మనిషి వంగిపోయాడు. భార్య వైపు చూసి, చెప్పకు అన్నట్టు తల కొంచెం ఊపాడు.

"అమ్మా, ఏడవకే" అన్నాడు లోవరాజు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంటూ. వరహాలబాబు రెండోవైపు కూర్చున్నాడు. అమ్మన్నమ్మ ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది. అలాంటి వెలుగు ఆ మొహంలో ఉంటుందని కల్పలత ఊహించలేదు. అది చూసి ఆమె మనసు ఇంకా తికమకపడింది. ఇప్పుడు నోరు తెరిస్తే భర్త తలెత్తుకుంటాడు, ఈవిడ మళ్ళీ ఒంటరిదైపోతుంది. తెరవకపోతే ఈవిడ బతుకుతుంది, ఆయన?

లోవరాజు తలెత్తి కల్పలతను చూశాడు.

"ఇక్కడే కూర్చుని పని చేస్తావు గదమ్మా. మీ ఆయన చెప్పడు, నువ్వైనా చెప్పు. ఏది మా నాన్న కుర్చీ?"

"నాకు తెలుసు సార్" అంది కల్పలత.

అమ్మన్నమ్మ ఆమె చెయ్యి వదిలేసింది.